వృద్ధుల నర్సింగ్ హోమును పరీక్షించు విధము

(గ్రంథాలయ రజతోత్సవముల మూడవనాటి సభలో చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ సభలలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమమును గూర్చియో ప్రసంగించుట వాడుక. కాని కార్యదర్శిగారు నన్ను ఆహ్వానించుటకు వచ్చినపుడు, "మీరు ముప్పది యేండ్లు నర్సుగా పనిచేసినవారు. మా ఊరివారికి అక్కరకు వచ్చు మాట యేదైన చెప్పుడు" అని కోరిరి. ఆ మీదట ఆయన ఒక సంగతి చెప్పిరి. ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఈ భవనమునకు రాళ్లు మోసినవారిలో నలుగురు ఇప్పుడు పట్నములోని వృద్ధాశ్రమములలో ఉన్నారట. పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, అమెరికాలో ఉన్నారు. మరి రెండు మూడు కుటుంబములవారు తమ పెద్దల విషయమున ఇదే ఆలోచనలో ఉన్నారట. "ఏ గృహము మంచిదో, ఏది కాదో తెలియుట యెట్లు?" అని ఆయన అడిగిరి. ఆ ప్రశ్నయే నేటి నా ప్రసంగ విషయము.

పెద్దలను ఇంటిలోనే ఉంచుకొనవలెనా, గృహములలో చేర్చవచ్చునా అను వాదము నేను పెట్టుకొనను. పక్షవాతముతో మంచము పట్టిన తండ్రిని ఒంటరిగా లేవనెత్తలేక నడుము విరిగిన కోడండ్రను నేను ఎరుగుదును. చేర్చువారిని నిందించుటకు నాకు నోరు రాదు. చేర్చుటకు ముందు ఏమి చూడవలెను, చేర్చిన తరువాత ఏమి చూచుచుండవలెను అను నంతవరకే నా మాట.

ముందుగా పేరును గూర్చి కొంచెము చెప్పవలెను. మన పట్నములలో నర్సింగ్ హోమ్ అన్నచో పది ఇరువది మంచములు గల ప్రైవేటు ఆసుపత్రి యని అర్థము. కాన్పులకు, ఆపరేషనులకు పోవు చోటు అది. అట్టి వానికి రిజిస్ట్రేషను ఉండవలెనని 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున చట్టము వచ్చినది. ఇంగ్లండు, అమెరికా దేశములలో ఆ మాటకు అర్థము వేరు. తమంతట తాము లేవలేని, స్నానము చేయలేని, మతి తప్పిన పెద్దలు నెలల తరబడి, ఏండ్ల తరబడి ఉండి నర్సుల సేవ పొందు గృహమును వారు నర్సింగ్ హోమ్ అందురు. ఇట్టివి మన దేశమున వృద్ధాశ్రమమనియు, ఓల్డేజి హోమనియు రకరకముల పేర్లతో వెలయుచున్నవి. ఆశ్రమమను మాట వినగానే మనకు తులసికోట, సంధ్యాదీపము, భజన తలపునకు వచ్చును. ఆసుపత్రిని అనుమానించు మనుష్యుడు ఆశ్రమమును అనుమానింపడు. పేరులోని పవిత్రతయే పరీక్షకు అడ్డు వచ్చుచున్నదని నాకు తోచును.

ఇప్పుడు గృహమును ఎన్నుకొను తీరు ఎట్లున్నది? నిర్వాహకులు ఫోనులో బొమ్మలు పంపుదురు. పాలరాతి నేల, పూలకుండీలు, టెలివిజను, కొత్త దుప్పట్లు కనబడును. డల్లాసులోనున్న కుమారుడు వీడియోలో గదిని చూచి, బాగున్నదని సంతసించి, అడ్వాన్సు పంపును. ఆ బొమ్మలలో అబద్ధమేమియు ఉండకపోవచ్చును. అయితే ఆ నేలమీద నడువగలవారికి ఆ గృహముతో అంతగా పని లేదు. నడువలేనివారి వీపు ఎట్లున్నదో ఆ బొమ్మలో కనబడదు.

కంటికి కనబడు శుభ్రత వెనుక ఏమున్నదో చూడకపోయిన ఫలమేమో స్కుటారి ఆసుపత్రి చరిత్ర చెప్పును. 1854 నవంబరులో ఫ్లారెన్సు నైటింగేలు 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని, ఇస్తాంబులునకు ఎదుటి యొడ్డుననున్న స్కుటారి సైనికాసుపత్రికి చేరెను. ఆమె రాకతో గుడ్డలు, పథ్యము, శుశ్రూష అన్నియు మెరుగుపడినవి. అయినను ఆ శీతకాలమున సైనికులు వందలకొలది మరణించుచునే యుండిరి. 1855 మార్చిలో ప్రభుత్వము పంపిన పారిశుధ్య సంఘమువారు వచ్చి నేలక్రింద ఏమున్నదో చూచిరి. భవనము పూడిపోయిన మురుగుకాలువల మీద నిలిచి యుండెను. త్రాగు నీరు వచ్చు కాలువలో చచ్చిన గుఱ్ఱము కనబడెను. కాలువలు కడిగించి, గోడలకు సున్నము కొట్టించి, గాలికి దారి చేసిన తరువాత మరణములు త్వరితముగా తగ్గినవి. నైటింగేలు స్వదేశమునకు మరలిన పిదప ఆ లెక్కలను తానే కట్టి, వానినే ఆయుధముగా చేసికొని సైనికాసుపత్రుల సంస్కరణకు పోరాడెను. మన పాఠ్యపుస్తకములలో ఆమె చేతి దీపము మాత్రమే మిగిలినది గాని, ఆమె లెక్కల పుస్తకము ఆ దీపమునకు తీసిపోయినది కాదు.

గృహములను తనిఖీ చేయు విద్య అమెరికాలో ఎట్లు ఎదిగినదో తెలిసికొనుట మనకు లాభము. అక్కడ 1965లో మెడికేర్, మెడికెయిడ్ అను పథకములు వచ్చినవి. వృద్ధుల, బీదల వైద్యమునకు ప్రభుత్వము సొమ్మిచ్చుటతో నర్సింగ్ హోములు విరివిగా పెరిగినవి. చాలకాలము అక్కడి తనిఖీదారులు కాగితములను, భవనమును చూచిపోయెడివారు. నర్సుకు లైసెన్సు ఉన్నదా, మంచములమధ్య చాలినంత ఎడమున్నదా, నియమముల పుస్తకము బీరువాలో ఉన్నదా? సేవ చేయుటకు సరంజామా ఉన్నదని తేలినచో సేవ జరుగుచున్నట్లే లెక్క. మంచముమీదనున్న ముసలమ్మను పలుకరించు పని వారికి లేకపోయెను. 1986లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అను సంస్థ ఈ పద్ధతిలోని లోపములను వివరించుచు నివేదిక ప్రకటించినది. మరుసటి ఏడు, 1987లో, నర్సింగ్ హోముల సంస్కరణ చట్టము వచ్చినది.

ఆ చట్టములో మూడు విషయములు నాకు మిక్కిలి నచ్చినవి. ప్రతి గృహమును 15 నెలలకు మించకుండ తనిఖీ చేయవలెను. ముందుగా చెప్పకుండ పోవలెను. తనిఖీదారులు వచ్చు దినమును గృహమువారికి ముందుగా తెలియజేసినవానికి 2,000 డాలర్ల వరకు జరిమానా అని చట్టములోనే వ్రాసిరి. మన ఊరి బడికి ఇన్‌స్పెక్టరు వచ్చుచున్నాడని తెలిసి ముందునాడే మామిడాకుల తోరణములు కట్టిన వైభవమును చూచినవారికి ఆ జరిమానా విలువ వేరే చెప్పనక్కరలేదు. తరువాతి నిబంధనలలో, పదింట ఒక వంతు తనిఖీలు రాత్రివేళనో, తెల్లవారుజామునో, సెలవుదినమునో మొదలు కావలెనని చేర్చిరి. ఇక మూడవది, తనిఖీదారుడు గృహమునందున్నవారితో స్వయముగా మాటలాడవలెను, వారి దేహస్థితిని చూడవలెను.

ఫలము లేకపోలేదు. ఆ చట్టమునకు ముందు అక్కడి గృహములలో నూటికి సుమారు 40 మందిని ఏదో యొక సమయమున కుర్చీకో మంచమునకో కట్టి ఉంచెడివారని అంచనా. పడిపోకుండుటకే కట్టుచున్నామని వాదించెడివారు. కట్టిన మనిషి కట్లు విడిపించుకొనబోయి మరింత ఘోరముగా పడుననియు, కట్టుబడిన దేహము కొద్ది వారములలోనే బలము కోల్పోవుననియు అనుభవమున తేలినది. ఇరువది సంవత్సరములు గడచునప్పటికి ఆ సంఖ్య నూటికి అయిదు ప్రాంతమునకు దిగినది. అంతమాత్రమున అమెరికా గృహములన్నియు స్వర్గములైనవని నేననుట లేదు. అక్కడి పత్రికలలో నేటికిని కన్నీరు తెప్పించు వార్తలు వచ్చుచునే యున్నవి.

ప్రభుత్వ తనిఖీ యొక్కటియే చాలునని నమ్మరాదనుటకు ఇంగ్లండులో ఒక దారుణమైన దృష్టాంతమున్నది. ఆ దేశమున 2009 నుండి కేర్ క్వాలిటీ కమిషన్ అను ప్రత్యేక సంస్థ ఆసుపత్రులను, సంరక్షణ గృహములను తనిఖీ చేయుచున్నది. బ్రిస్టలు దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అను ఆసుపత్రి ఉండెను. అందున్నవారు వృద్ధులు కారు, బుద్ధిమాంద్యము గలవారు. అచ్చట పనిచేసిన నర్సు ఒకడు లోపల రోగులను హింసించుచున్నారని పై అధికారులకు, కమిషనువారికి తెలియజేసినను ఎవరును కదలలేదు. 2011లో బి.బి.సి. విలేఖరి ఒకడు పనివాడుగా చేరి, రహస్యముగా చిత్రములు తీసి లోకమునకు చూపిన తరువాత గాని చలనము కలుగలేదు. పదునొకండుగురు సిబ్బందికి నేరము రుజువైనది, అందు ఆరుగురు జైలునకు పోయిరి. కమిషను క్షమాపణ చెప్పినది, ఆసుపత్రి మూతపడినది. కాగితములు చూచి తృప్తిపడు తనిఖీకి ఇంతకంటె గుణపాఠము అక్కరలేదు.

సరే, మనము ఏమి చూడవలెను? నన్నడిగినచో మొట్టమొదట మడమలు చూడుమందును. గృహములో అందరికంటె బలహీనులెవరో, కదలలేనివారెవరో తెలిసికొని వారి దగ్గరకు పోవలెను. మీ తల్లి నడువగలిగినది కావచ్చును, కాని రేపు ఆమె కదలలేని స్థితికి వచ్చినపుడు ఆ గృహమువారు ఆమెను ఎట్లు చూతురో ఈనాటి ఆ బలహీనురాలి దేహమే చెప్పును. అనుమతి అడిగి, ఆ మనిషికి సిగ్గు కలుగకుండ, దుప్పటి కొద్దిగా తొలగించి మడమలు, తుంటి, నడుముక్రింది ఎముక భాగము చూడవలెను. ఒకే ప్రక్కన ఎక్కువసేపు పడియున్నచో ఎముక గట్టిగా ఆనుచోట రక్తప్రసారము నిలిచి చర్మము చచ్చును. వీనినే పడకపుండ్లందురు. సామాన్యముగా రెండు గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పుచుండుట వాడుకలోనున్న నియమము. ఎఱ్ఱబారిన చోట వ్రేలితో నొక్కినచో తెల్లబడి మరల ఎఱుపు రావలెను. నొక్కినను తెల్లబడక అట్లే యున్నచో అది పుండునకు ఆరంభము. ఇంగ్లీషు వైద్యగ్రంథములలోని ఈ ఎఱుపు మన నల్లని చర్మముమీద స్పష్టముగా కనబడదు. అందుచేత చేతితో తాకి చూడవలెను. చుట్టునున్న భాగముకంటె వెచ్చగానో, గట్టిగానో, మెత్తబడియో యున్నచో అనుమానింపవలెను.

మడమల తరువాత నోరు. ఎండిన నాలుక, పగిలిన పెదవులు దాహమునకు సాక్ష్యము. మంచము ప్రక్కన నీళ్ల గ్లాసు ఉండుట చాలదు, అది చేతికి అందునట్లు ఉన్నదా? పక్షవాతముతో కుడిచేయి పడిపోయినవారికి కుడిప్రక్కన పెట్టిన గ్లాసు ఉన్నను లేనట్లే. కొందరు వృద్ధులు మాటిమాటికి మూత్రమునకు లేవవలసి వచ్చునని, ఆయా విసుగుకొనునని, తామే నీళ్లు త్రాగుట మానుకొందురు. ఇట్టి మౌనమైన ఉపవాసములు నేనెన్నో చూచితిని. ఒక గృహమున మంచము తలాపున పిలుపుగంట చక్కగా అమర్చియున్నది. దాని తాడు మాత్రము ఎవరికిని అందకుండ పైన ముడివేసి యున్నది. ఏమమ్మా యని అడుగగా, "ఊరకే లాగుచుందురండి" అని ఆయా సమాధానమిచ్చినది. ఆ గృహము గోడమీద నాణ్యతను మెచ్చుచు ఇచ్చిన సర్టిఫికెట్లు రెండు పటము కట్టి వ్రేలాడుచున్నవి.

భోజనము వేళకు పోవుట ఉత్తమము. వంటకముల పట్టిక చదువుట కాదు, ముద్ద నోటిలోనికి ఎట్లు పోవుచున్నదో చూడవలెను. పక్షవాతము వచ్చినవారికి మ్రింగు శక్తి తగ్గును. పడుకొనబెట్టి పెట్టినచో మెతుకు ఊపిరితిత్తులలోనికి పోయి న్యుమోనియా వచ్చును. కూర్చుండబెట్టి, చిన్న ముద్దలుగా, మ్రింగినదని తెలిసికొని మరియొక ముద్ద పెట్టవలెను. ఈ పనికి ఒక్కొక్కరికి అరగంట పట్టును. ఇరువదిమందికి తినిపించుటకు ఇద్దరు ఆయాలే ఉన్నచో లెక్క మీరే కట్టుకొనుడు. ప్రతి నెల బరువు తూచి వ్రాయు పుస్తకము ఉన్నదేమో అడుగుడు. నెలలో నూటికి అయిదు వంతులు, ఆరు నెలలలో పదివంతులు బరువు తగ్గినచో కారణము వెదకవలెనని నియమము. 50 కిలోల మనిషి ఒక నెలలో రెండున్నర కిలోలు తగ్గుట కంటికి తెలియదు, త్రాసునకు తెలియును.

స్నానాల గదిని గూర్చి త్వరగా చెప్పెదను. తడి గచ్చు, ఎత్తైన గడప, పట్టుకొనుటకు కడ్డీ లేకపోవుట, రాత్రి దీపము లేకపోవుట, ఇవి తుంటి ఎముకను విరుగగొట్టునవి. వేడినీళ్లు బకెట్టులో ముందుగా కలిపి, మోచేతితో చూచి పోయవలెను. 60 డిగ్రీల వేడిగల నీరు కొద్ది క్షణములలోనే ముసలివారి పలుచని చర్మమును కాల్చివేయును.

మధ్యాహ్నము రెండు గంటలకు పోయినపుడు అందరును గాఢనిద్రలో ఉన్నచో ప్రశాంతముగా నున్నదని మురియకుడు. ఏ మందులు ఇచ్చుచున్నారు, ఏ వైద్యుడు వ్రాసినాడు, ఎప్పుడు మరల పరిశీలించినాడు అని అడుగుడు. చేతులు కట్టుట తగ్గిన చోట్ల నిద్రమందులతో కట్టుట ఆరంభమగుట లోకమున కలదు.

ఇక అగ్నిభయము. ఇది చెప్పునపుడు నా గొంతు కొంత కఠినమగును, క్షమింపుడు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులనుంచిన పాకకు నిప్పంటుకొన్నది. వారిని గొలుసులతో కట్టియుండిరి. 28 మంది మరణించిరి. సుప్రీముకోర్టు తనంతట తాను ఆ విషయమును విచారణకు తీసికొన్నది. గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము స్పష్టముగా నిషేధించినది. 2011 డిసెంబరు 9వ తేదీ తెల్లవారుజామున కలకత్తాలోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ఒకదానిలో, కార్లు నిలుపుటకు ఉద్దేశించిన నేలమాళిగలో నిలువజేసిన సామానునుండి మంట పుట్టి సుమారు 90 మంది పోయిరి. వారిలో పెక్కుమందిని మంట తాకనేలేదు. మూసిన అద్దాల భవనములో పైకెగసిన పొగ ఊపిరాడకుండ చేసినది. మన విజయవాడలోనే 2020 ఆగస్టు 9వ తేదీన, కోవిడ్ రోగులకై వాడుచున్న హోటలులో నిప్పు పుట్టి పదిమంది మరణించుట మీకందరకు జ్ఞాపకమే.

ఈ మూడును తెల్లవారుజామున జరిగినవే. పగటిపూట పోయి ఎఱ్ఱని సిలిండరును చూచి మనము తృప్తిపడుదుము. రాత్రి పదింటి తరువాత ఆ గృహమున మెలకువగా ఎందరుందురు? మెట్ల దగ్గరి ఇనుప గేటునకు తాళము వేయుదురా? వేసినచో తాళపుచెవి ఎవరి కొంగున ఉన్నది? మతి తప్పినవారు వెలుపలికి పోకుండ తాళము వేయవలసినదే యని నిర్వాహకుడు చెప్పును. అందులో నిజమున్నది. కాబట్టి తాళము సంగతి అడిగి ఊరకుండక, మంటవచ్చినచో రెండవ అంతస్తులోని కదలలేని ఎనిమిదిమందిని రాత్రి కాపలానున్న ఇద్దరు స్త్రీలు ఏ మెట్లమీదుగా, దేనిమీద పెట్టి దింపుదురో చూపుమనవలెను. దుప్పటితోనే ఈడ్చుకొని వచ్చు పద్ధతి కలదు, దానిని నేర్పి, సాధన చేయింపవలెను. కదలలేనివారిని నేల అంతస్తులో ఉంచిన గృహమునకు నేను సగము మార్కులు అప్పుడే వేయుదును.

మంటకంటె మెల్లగా చంపునది ఎండ. 2017 సెప్టెంబరులో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున ఇర్మా తుపాను వచ్చినపుడు, హాలీవుడ్ అను పట్టణములోని నర్సింగ్ హోమున చల్లదనమునిచ్చు యంత్రమునకు విద్యుత్తు నిలిచిపోయెను. దీపములు వెలుగుచునే యున్నవి. వీధికి ఆవలిప్రక్కన పెద్ద ఆసుపత్రి ఉన్నది. మూడు దినములు ఉక్కలో మగ్గి 12 మంది వృద్ధులు ప్రాణములు కోల్పోయిరి. ఆ తరువాత, విద్యుత్తు పోయినను 96 గంటలపాటు గృహములో వేడి 81 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా మన లెక్కలో సుమారు 27 డిగ్రీలు, దాటకుండ చూడవలెనని ఆ రాష్ట్రమున నిబంధన చేసిరి. మే నెలలో మన రెంటచింతల, రామగుండము వేడిమిని తలచుకొనుడు. మన గృహములకు 27 డిగ్రీలు కోరుట అత్యాశ కావచ్చును. కాని కరెంటు పోయినపుడు ఇన్వర్టరుమీద తిరుగు ఫ్యాను నిర్వాహకుని గదిలోనిదా, మంచము పట్టినవారి గదిలోనిదా అని అడుగుట అత్యాశ కాదు. ముసలితనమున దాహము తెలియదు, చెమట తగ్గును. వారు ఉక్కగా నున్నదని చెప్పకయే సొమ్మసిల్లుదురు.

సిబ్బందిని గూర్చి చెప్పకున్నచో ఇదంతయు అసంపూర్ణము. అమెరికా ప్రభుత్వము 2008 నుండి నర్సింగ్ హోములకు ఒకటి మొదలు అయిదు వరకు నక్షత్రములిచ్చి ప్రజలకు ప్రకటించుచున్నది. మొదట సిబ్బంది సంఖ్యను గృహములవారు చెప్పినట్లే వ్రాసికొనిరి. అందరును ఉదారముగానే చెప్పిరి! 2016 నుండి జీతముల చిట్టాను చూపుమనిరి, నిజముగా జీతము పుచ్చుకొన్న గంటలనే లెక్కలోనికి తీసికొనుట నేర్చిరి. జీతముల చిట్టాను మనకెవ్వరును చూపరు. మనకున్న ఉపాయము సులభమైనది. ఆయాను ప్రక్కకు పిలిచి, "ఎన్నాళ్లుగా ఇక్కడ ఉన్నావమ్మా?" అని అడుగవలెను. నలుగురిని అడిగినపుడు నలుగురును రెండు మూడు నెలల క్రిందట వచ్చినవారే యైనచో, అక్కడ ఎవరును నిలువుట లేదన్నమాట. ఏ ముసలమ్మకు ఏ ప్రక్కన నొప్పియో తెలిసిన చేయి అక్కడ లేదన్నమాట. ఆయాలమీద కోపపడుట తేలిక. పండ్రెండు గంటల పని, స్వల్ప జీతము, రాత్రి కునుకు తీయుటకు చాపయైన లేని స్థితిలో వారు చేయు సేవ చూచి నేను చాలసార్లు చేతులు జోడించితిని. పెంకుటింటిలో నడుపుచున్న పేదగృహము ఒకదానిలో, పదునాలుగు మందిలో ఒక్కరికైన పడకపుండు లేదు. అక్కడి ఇద్దరు ఆయాలు తొమ్మిదేండ్లుగా ఉన్నవారు.

చట్టము మనకేమి ఇచ్చినదని అడుగుదురు. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చినది. పోషింపని సంతానముపై వృద్ధులు ట్రిబ్యునలునకు మొరపెట్టుకొనవచ్చును. జిల్లాకు ఒకటి చొప్పున, కనీసము 150 మంది నిరాధారులకు చాలునట్లు, రాష్ట్ర ప్రభుత్వములు వృద్ధాశ్రమములు స్థాపింపవచ్చునని అందున్నది. సొమ్ము పుచ్చుకొని నడుపు ప్రైవేటు గృహములలో మడమలు చూచువారెవరో, రాత్రి పూట తలుపు తట్టువారెవరో ఆ చట్టము వివరముగా చెప్పలేదు. వృద్ధుల ఫిర్యాదులకు 14567 అను ఫోను సంఖ్య 2021లో దేశమంతట వచ్చినది, వ్రాసికొనుడు. అయితే ఫోను చేయుటకు చేతనైనవారు, చేయుటకు జంకనివారు ఆ గృహములలో ఎందరు?

అందుచేత బంధువుల రాకపోకలే మన దేశమున అసలైన తనిఖీ. 2020 మార్చిలో కోవిడ్ కారణముగా అమెరికా నర్సింగ్ హోములలోనికి బంధువులను రానీయలేదు. కొడుకులు, కూతుండ్రు కిటికీ అద్దముల వెలుపల నిలిచి తల్లిదండ్రులను చూచిరి. రోగము సోకకుండుటకు అది అవసరమే కావచ్చును. కాని దినదినము వచ్చి తల దువ్వి, అన్నము తినిపించి, ప్రక్క తడిసినదని నర్సును పిలిచెడి కూతుండ్రు లేకపోవుటచే ఎంత సేవ కుంటుపడినదో అప్పుడు లోకమునకు తెలిసివచ్చినది. బంధువు వచ్చు మంచమునకు దుప్పటి ముందు మారును. నర్సునై యుండి చెప్పుచున్నాను, ఇది నిజము. ఎవరును రాని మంచము సంగతియే నా దిగులు.

గ్రంథాలయమువారికి నా మనవి ఇది. మన ఊరి పెద్దలు నలుగురున్న గృహములు ఇక్కడికి బస్సులో గంట ప్రయాణము. నెలకొకమారు ఇద్దరు సభ్యులు, ఒకరు స్త్రీ, ఒకరు పురుషుడు, దినపత్రిక, రెండు పుస్తకములు తీసికొని అచ్చటికి పోవలెను. చదువలేనివారికి చదివి వినిపింపవలెను. ప్రతిసారి ఒకే వేళకు పోరాదు. ఒకమారు ఉదయము ఏడింటికి, ఒకమారు భోజనము వేళకు, ఒకమారు చీకటిపడిన తరువాత పోవలెను. పుస్తకము చదువుటకు వచ్చినవారిని ఎవరును వెలుపలికి పొమ్మనరు. ఎవరైన పొమ్మన్నచో అదియు వ్రాయదగిన సంగతియే. చదువు ముగిసిన పిదప, నిర్వాహకుడు దగ్గర లేనపుడు, ఎట్లున్నారని అడుగవలెను. వారు బాగున్నామనియే చెప్పుదురు, మన పెద్దలకది అలవాటు. అప్పుడు కాళ్లకు నూనె రాసెదనని చెప్పి మడమలు చూడవలెను.

తిరిగివచ్చి గ్రంథాలయములో ఒక పుస్తకమున వ్రాసి పెట్టవలెను. తేదీ, పోయిన వేళ, ఎవరిని చూచినది, కంటికి కనబడినది, అంతే. మన అభిప్రాయములు, ఆవేశములు అందు వ్రాయనక్కరలేదు. "రాత్రి 8 గంటలు, పై అంతస్తు గేటునకు తాళము, తాళపుచెవి క్రింద ఆఫీసులో" అని వ్రాసినచో చాలును. దూరదేశమున నున్న పిల్లలు ఫోను చేసినపుడు గ్రంథాలయాధికారి ఆ పుటలు చదివి వినిపింపవచ్చును, ఫోటో తీసి పంపవచ్చును. కొత్తగా ఎవరినైన చేర్చదలచిన కుటుంబములు అది చూచి నిర్ణయించుకొనవచ్చును. ఒక సంవత్సరము పుటలు నిండిన తరువాత, అవసరమైనచో, ట్రిబ్యునలు ఎదుట పెట్టుటకు అంతకంటె మంచి సాక్ష్యము ఉండదు.

అందుకు కావలసిన రెండువందల పుటల రిజిస్టరు ఒకటి నేను వెంట తెచ్చితిని. అధ్యక్షులవారికి అందజేయుచున్నాను. మొదటి విడత పోవుటకు ఒక స్త్రీ పేరు కావలెను. నా పేరు వ్రాసికొనుడు. రెండవ పేరు సభ ముగియులోపల ఎవరైన వచ్చి వ్రాయవలెనని ప్రార్థన.